బొటనవేలి పల్లం

మెరిసేదాన్ని కింద పెట్టు, హెయికా.
అది గోడకు వేలాడే జాతి.
సంత తెరిచి గంట కాలేదు,
కమ్మరి ఓవ్లా చేతులైనా కాగలేదు,
నీ కళ్ళు అప్పుడే కొనేశాయి.

తొడుగు తియ్యకు. తొడుగుతోనే పట్టుకో.
కౌతోకెయినోలో ఈస్టర్‌కి కూడా
మన పనంతా తొడుగులోంచే కదా.
పిడి చివర కాస్త ఉబ్బి ఉందా?
చిటికెనవేలు దానికి ఆనుతోందా?
ఆనకపోతే
మూడో దెబ్బకి కత్తి నీ చేతిలోంచి బయల్దేరి
మంచులో ఎక్కడో దూరి
మంచు కరిగేదాకా పడుకుంటుంది.
మీ బాబాయి యోవ్నాది అలాగే పోయింది.
జూన్‌లో దొరికింది,
ఒళ్ళంతా తుప్పు,
నక్క కొరికిన పిడి.

పిడికి ఇనుప కట్టు వద్దు.
ఈ చలిలో ఇనుము
ముద్దు పెట్టుకుని చర్మం అడుగుతుంది.
బర్చ్ కర్ర మంచిది, మెలి తిరిగినది.
మధ్యలో కొమ్ము బిళ్ళ ఒకటుంటే సరే,
నాలుగున్నాయంటే
ఓవ్లాకి ఈ నెల అప్పులున్నాయని.

గొడ్డలి కొనచ్చుగా అన్నావు దారిలో.
ఎవర్ని నరుకుతావురా?
మన మిట్ట మీద చెట్లు నీ నడుం దాటవు.
గాలి మెడలు వంచిన బర్చ్‌లు,
వాటికంటే పొట్టి విల్లో పొదలు.
వాటికి గొడ్డలంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.
పైగా స్లెడ్జి బరువు నువ్వు లాగవు,
నేను లాగుతాను.
అందుకే మనకిది.
పెద్ద కత్తి అనే పిలుస్తాం,
ఇంకో పేరు పెట్టే తీరిక ఎవరికీ లేక.

అంచు తర్వాత. ముందు వీపు చూడు.
పదును నూరితే వస్తుంది,
వీపు పుట్టుకతో రావాలి.
గోటితో తట్టి విను.
గాజులా మోగిందా, గాజులాగే పగులుతుంది.

పొద్దున్నే వాడే ముందు
కాసేపు కోటు లోపల పెట్టుకో.
చల్లటి ఉక్కూ చల్లటి ముడీ ఎదురుపడితే
ఎవరో ఒకరు విరగాలి.
ముడి విరగదు.
తర్వాత మొద్దు నెత్తిన అంచు ఆనించి
వీపు మీద కర్రతో కొట్టు.
కోపంగా కాదు,
తలుపు తట్టినట్టు.
లోపల ఎవరో ఉన్నారు,
వాళ్ళే తెరుస్తారు.
మోకాలు మాత్రం పక్కకి. నా మోకాలు చూశావుగా.

ఇంత చెప్పానా,
వాడు అన్నిటికంటే సన్నటిది తీశాడు.
బొమ్మల్లేవు, కొమ్ము లేదు,
ఒర కుట్టు కూడా కాస్త వంకర.
ఇది మొద్దులో ఇరుక్కుంటుందన్నాను.
ఓవ్లా మీసంలో నవ్వి డబ్బు లెక్కపెట్టుకున్నాడు.

ఇరుక్కుంది.
ఆ రాత్రే, గుడారం ముందు,
తడిసిన బర్చ్ ముడిలో,
సగం దాకా.
వాడు ఊపడు, లాగడు,
నా వైపు చూడడు.
నా కత్తి తీసి ఇచ్చాను.

ముప్పై ఒక్క చలికాలాల కత్తి.
రెండుసార్లు పిడి మార్చాను,
మూడోది ఇది.
వాడు పట్టుకున్నాడు, మార్చి పట్టుకున్నాడు,
రెండు చేతులా పట్టుకున్నాడు.
"అత్తా, ఇక్కడ గుంట ఉంది.
నా వేలు ఇందులో తిరుగుతోంది."

తీసుకుని చూశాను.
నిజమే.
బొటనవేలి కింద కర్ర అరిగి
చెంచా అంత పల్లం.
అది ఉందని నాకే తెలీదు,
నా వేలు ఎప్పుడూ అందులోనే ఉండేది.

నేను పోయాక వాడికిద్దామనుకున్న వస్తువు
వాడికి పట్టదు.

వాడప్పటికే తన కత్తి దగ్గర కూర్చున్నాడు.
కర్ర అందుకుని
వీపు కొస మీద చిన్నగా ఒకటి,
ఆగి, ఇంకొకటి.
మోకాలు పక్కకే ఉంది.
చాలాసేపు తట్టాడు.
ఇంట్లో ఎవరూ లేరేమో అనుకునేంత సేపు.
టప్‌మని విడిపోయింది చెక్క,
లోపల తెల్లగా, పొడిగా.

బెరడు అంటుకుంది. పొగ ముందు వచ్చింది.
కొత్త పిడి ఇంకా నున్నగా, పాలిపోయి,
ఎవరిదీ కానట్టుంది.
నేను కాఫీ గిన్నె కోసం మంచు తవ్వాను.